మా బాబు కాలికి వేసే ప్లాస్టిక్ బ్రేస్ ఎండకి మెత్తబడిపోదా? బిగుతైతే ఇంట్లోనే వేడి చేసి సర్దుకోవచ్చా?

మీ బాబుకి నాలుగేళ్లని, సెరెబ్రల్ పాల్సీ (మెదడుకి దెబ్బ తగలడం వల్ల కండరాల కదలిక దెబ్బతినే సమస్య) వల్ల మడమ నేలకి ఆనక మునివేళ్ల మీదే నడుస్తున్నాడని, డాక్టరుగారు రెండు కాళ్లకీ ఏఎఫ్ఓలు, అంటే చీలమండనీ పాదాన్నీ నిలబెట్టే బ్రేస్‌లు, రాశారని చెప్పారు. కొలత తీసుకున్నచోట "షీటుని ఓవెన్లో వేడి చేసి కాలి ఆకారానికి మలుస్తాం" అన్నారట. వేడికి మెత్తబడేదైతే మన ఎండల్లో నిలుస్తుందా, బిగుతైతే హీట్ గన్ పెట్టి మనమే వదులు చేసుకోవచ్చా అని మీ సందేహం. నేను ఇలాంటి బ్రేస్‌లు చేసే వర్క్‌షాప్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ముందు సూటిగా జవాబు. ఎండకి వంగిపోదు. ఇంట్లో మాత్రం వేడి చేయకండి. రెండింటికీ కారణం ఒకటే: ఆ ప్లాస్టిక్ మెత్తబడే వేడి మనిషి ఒళ్లు తట్టుకునే వేడి కంటే చాలా పైన ఉంటుంది.

అన్ని ప్లాస్టిక్‌లూ వేడికి కరుగుతాయనుకుంటాం గానీ, కాదు. కుక్కర్ పిడి బేకలైట్‌ది. మంట తగిలితే నల్లబడుతుంది, పగులుతుంది, కంపు కొడుతుంది, అంతే తప్ప కరగదు. పాత స్విచ్చులూ మెలమైన్ ప్లేట్లూ ఆ జాతివే. తయారయ్యేటప్పుడే వాటి అణువులు ఒకదానికొకటి అడ్డంగా ముడిపడిపోతాయి, ఆ ముడి మళ్లీ వేడికి విడదు. వీటిని థర్మోసెట్‌లు అంటారు. బకెట్, బిందె, నీళ్ల పైపు రెండో జాతి, అంటే థర్మోప్లాస్టిక్‌లు. వీటిలో అణువులు పొడవాటి గొలుసులే గానీ ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉండవు. వేడెక్కితే ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి, చల్లారితే జారినచోటే బిగుసుకుంటాయి. మళ్లీ వేడి చేస్తే మళ్లీ జారతాయి.

ఈ గుణం మనకేమీ కొత్త కాదు. హైదరాబాద్ లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్లు బొగ్గుల కుంపటి మీద లక్కని మెత్తబరిచి, కొనేవాళ్ల చేతి కొలతకి గాజుని సరిచేసి ఇస్తారు. ఏటికొప్పాక బొమ్మకి రంగు పట్టేదీ ఇలాగే. గిర్రున తిరుగుతున్న కొయ్యకి రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడికి పుట్టే వేడికే లక్క మెత్తబడి కొయ్యకి పట్టేస్తుంది. బోరు పైపులు అతికేవాళ్లని చూసే ఉంటారు, రెండు నల్ల పైపుల కొసల్ని వేడి పలకకి ఆనించి, మెత్తబడగానే ఒకదానికొకటి నొక్కి పట్టుకుంటారు. చల్లారాక జిగురు లేకుండానే అది ఒకే పైపు.

మెత్తబడేవాటిల్లో కూడా ఏది ఎంత వేడికి మెత్తబడుతుంది అన్నదాని మీదే మా పనంతా నడుస్తుంది. నీళ్ల సీసాలో సలసల కాగే నీళ్లు పోస్తే ముడుచుకుపోతుంది చూడండి, అది పెట్ ప్లాస్టిక్, 70, 80 డిగ్రీల మధ్యలోనే పట్టు వదిలేస్తుంది. పీవీసీ పైపు 80 దగ్గర వంగుతుంది. బోరు పైపుల హెచ్‌డీపీఈ 130 దాకా ఆగుతుంది. మీ బాబు బ్రేస్‌కి వాడేది పాలీప్రొపిలీన్. అది పూర్తిగా కరగడానికి 160 డిగ్రీలు కావాలి. ఫంక్షన్ హాళ్లలో వేసే ప్లాస్టిక్ కుర్చీలు ఎక్కువగా ఇదే పాలీప్రొపిలీన్. మే నెలలో రెంటచింతలలో 45, 46 డిగ్రీల ఎండలో రోజంతా ఆరుబయట ఉన్నా ఆ కుర్చీలు వంగిపోవు కదా. ఏళ్ల తరబడి ఎండలో పడేస్తే మాత్రం సుద్దలా పొడి రాలి పగులుతాయి. అది వేడి చేసే పని కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు గొలుసుల్ని ముక్కలు చేయడం వల్ల వచ్చేది. కాబట్టి బ్రేస్‌ని ఉతికాక డాబా మీద ఆరేయకండి, నీడలో గుడ్డతో తుడిస్తే చాలు. గోరువెచ్చని నీళ్లు, ఒంటి సబ్బు వాడండి, మరిగే నీళ్లు వద్దు.

నిజానికి మన ఎండల్లో ఇబ్బంది పెట్టేది చెమట. ప్లాస్టిక్‌కి గాలి ఆడదు. పలచటి కాటన్ మేజోడు మోకాలి దాకా వేసి, దాని మీద బ్రేస్ వేయండి. మేజోడు తడిస్తే మార్చేయండి.

ఇప్పుడు వర్క్‌షాప్ లోపల ఏం జరుగుతుందో చెబుతాను. ఇది తెలిస్తే ఇంట్లో వేడి చేయొద్దని ఎందుకంటున్నానో మీకే అర్థమవుతుంది.

కొలత రోజు మీ బాబు కాలికి పలచటి స్టాకినెట్ (గొట్టంలా అల్లిన గుడ్డ) తొడిగి, చెరగని పెన్సిల్‌తో ఎముక పైకి పొడుచుకొచ్చే చోట్లు గుర్తుపెట్టి ఉంటారు. చీలమండ రెండు పక్కలా, చిటికెనవేలి వైపు పాదం మధ్యలో, లోపలి వైపు వంపు మీద ఆ గుర్తులుంటాయి. తరువాత తడి పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కట్టు చుట్టి, అది గట్టిపడేదాకా పాదాన్ని పిక్కకి లంబంగా, మడమ పక్కకి ఒరగకుండా పట్టుకుంటారు. పిల్లాడు ఏడుస్తూ కాలు గుంజుకుంటుంటే ఆ కోణం చెదరకుండా పట్టుకోవడమే ఈ పని మొత్తంలో కష్టమైన భాగమని నా అభిప్రాయం. బ్రేస్ మంచిదో కాదో సగం ఆ కొద్ది నిమిషాల్లోనే తేలిపోతుంది.

ఆ కట్టుని కోసి తీసి, లోపల పీఓపీ పోస్తే మీ బాబు కాలికి తెల్లటి అచ్చు వస్తుంది. పెన్సిల్ గుర్తులు దాని మీదకి దిగుతాయి. గుర్తులున్నచోట మేము కాస్త పీఓపీ అదనంగా పెట్టి ఉబ్బిస్తాం. అచ్చు అక్కడ ఉబ్బితే బ్రేస్ లోపల అక్కడ గుంట పడుతుంది, ఎముకకి ఒత్తిడి తగలదు. మిగతాచోట్ల గీకి నున్నగా చేసి, ఆరనిచ్చి, మీద నైలాన్ మేజోడు తొడుగుతాం. వాక్యూమ్ పెట్టినప్పుడు షీటుకీ అచ్చుకీ మధ్య గాలి ఆ అల్లికలోంచే బయటికి పోతుంది.

ఇక షీటు. చిన్నపిల్లలకి 3 మిల్లీమీటర్లు, పెద్దవాళ్లకి 4, 5. ఓవెన్ 180, 200 డిగ్రీల మధ్య ఉంటుంది. టెఫ్లాన్ పరిచిన ట్రే మీద షీటు వేసి తలుపు అద్దంలోంచి చూస్తుంటాం. మామూలుగా అది పాలలా తెల్లగా ఉంటుంది. వేడెక్కేకొద్దీ అంచుల నుంచి లోపలికి అద్దంలా తేటపడుతూ వస్తుంది. పాలీప్రొపిలీన్ లోపల అణువులు కొన్నిచోట్ల వరుసగా పేర్చుకుని చిన్న చిన్న స్ఫటికాలుగా ఉంటాయి. ఆ తెల్లదనం వాటి వల్లే. అవి కరిగిపోయాయంటే వెలుతురు నేరుగా దాటుతుంది, షీటు పారదర్శకమవుతుంది. మధ్యలో ఎక్కడైనా తెల్ల మచ్చ మిగిలి ఉంటే అక్కడ ఇంకా ఉడకలేదని లెక్క. ఆ మచ్చతో తీస్తే సరిగ్గా అక్కడే సాగక మందం తేడా వస్తుంది. థర్మామీటర్ కంటే ఈ మచ్చనే ఎక్కువ నమ్ముతాను.

పూర్తిగా తేటపడగానే ఇద్దరం గ్లవ్స్‌తో షీటుని రెండు కొసలా పట్టుకుని, బోర్లా బిగించిన అచ్చు మీద పరుస్తాం. మెత్తటి తోలులా వేలాడుతుంది, బరువుకి తనంతట తనే సాగుతుంది, ఆలస్యం చేస్తే చిరుగుతుంది. రెండు అంచుల్నీ కాలి ముందు వైపుకి లాగి నొక్కితే, బోరు పైపుల్లాగే, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వాక్యూమ్ వేస్తాం. షీటు అచ్చుకి పట్టి, చీలమండ గుంటలు, మడమ ఒంపు అన్నీ తేలతాయి. చిన్నపిల్లలకి బొమ్మలు కావాలంటే ఈ దశకి ముందే ట్రాన్స్‌ఫర్ పేపర్‌ని వేడి షీటు మీద వేస్తాం, రంగు ప్లాస్టిక్‌లోకి దిగిపోతుంది. మీ బాబుని అడిగి డిజైన్ ఎంచుకోనివ్వండి. తను ఎంచుకున్న సీతాకోకచిలుకలున్న బ్రేస్‌ని పిల్లలు మారాం చేయకుండా వేసుకోవడం చాలాసార్లు చూశాను.

తరువాత చేయాల్సింది ఏమీ చేయకుండా ఆగడం. చల్లారేకొద్దీ స్ఫటికాలు మళ్లీ ఏర్పడతాయి, షీటు మళ్లీ తెల్లబడుతుంది, ఒకటి రెండు శాతం కుంచించుకుపోతుంది. పైకి చల్లగా అనిపించినా లోపల ఈ సర్దుబాటు సాగుతూనే ఉంటుంది. అప్పుడే అచ్చు నుంచి ఊడదీస్తే అంచులు విచ్చుకుని కోణం మారిపోతుంది. అందుకే రాత్రంతా అచ్చు మీదే వదిలేస్తాం. "ఈ రోజు కొలత, సాయంత్రం బ్రేస్" అని ఎవరైనా అంటే తొందరపడకుండా ఆలోచించుకోండి. మర్నాడు కట్టర్‌తో కోసి, అంచులు అరగదీసి నున్నగా చేసి, వెల్క్రో పట్టీలు రివెట్ చేస్తాం.

ఇంత శ్రమా ఒకే ఒక్క కాలి కోసం. రెడీమేడ్‌గా చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో దొరికేవి చౌకే, కానీ సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకి అవి వద్దనే నేను గట్టిగా చెబుతాను. బిగుసుకున్న కండరం ఎటు లాగుతుందో ఆ పిల్లాడి కాలికే తెలుసు, సైజు నంబరుకి తెలియదు.

ఇప్పుడు ఇంట్లో వేడి చేయడం గురించి. బ్రేస్ ఎక్కడో ఒత్తుకుంటే మేము కూడా హీట్ గన్‌తోనే సరిచేస్తాం, నిజమే. కానీ ఒక్క బిళ్లంత చోటు మీదే బయట నుంచి గన్ తిప్పుతూ ఉంటాం, ఉపరితలం మెరుపెక్కగానే లోపలి నుంచి గుండ్రటి పనిముట్టుతో నొక్కి, చల్లారేదాకా అలాగే పట్టుకుంటాం. బ్రేస్ అప్పుడు కాలికి ఉండదు. ప్లాస్టిక్ వేడిని చాలా నెమ్మదిగా లోపలికి పంపుతుంది. పైన కాలిపోతున్నా లోపలి పొర ఇంకా గట్టిగానే ఉండొచ్చు. హీట్ గన్ మూతి దగ్గర గాలి 300 డిగ్రీలు దాటుతుంది, అలవాటు లేని చేతికి మెత్తబడటానికీ మాడటానికీ మధ్య ఎడం చాలా తక్కువ. చీలమండ దగ్గర ఒక పక్కన కాస్త ఎక్కువ మెత్తబడితే చాలు, పాదం కోణం జారిపోతుంది. చూడ్డానికి బ్రేస్ బాగానే ఉంటుంది, పిల్లాడికి హాయిగా కూడా ఉంటుంది, ఎందుకంటే అది ఇక పాదాన్ని నిలబెట్టడం లేదు. మడమ లోపల పైకి లేచిపోతుంటుంది, పిక్క కండరం మళ్లీ కుదించుకుపోతుంటుంది, బయటికి తెలియదు. ఇదే నా అసలు భయం. హెయిర్ డ్రయ్యర్‌తో పాలీప్రొపిలీన్‌కి ఏమీ కాదు, కానీ లోపల అతికించిన ఫోమ్ ప్యాడ్ ఊడొచ్చు. కాలికి ఉండగా మాత్రం దేనితోనూ వేడి పెట్టకండి. స్పర్శ తక్కువ ఉన్న పిల్లలకి కాలినా తెలియదు.

పీవీసీ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే పైపు ముక్కని గ్యాస్ స్టవ్ మీద వంచి ఇంట్లోనే స్ప్లింట్ చేసుకునేవాళ్లున్నారు. పీవీసీ మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, కళ్లూ గొంతూ మండుతాయి. పిల్లలున్న ఇంట్లో ఆ పని వద్దు.

అయితే అన్ని స్ప్లింట్‌లకీ ఈ లెక్క వర్తించదు. మీ బాబుకి ముందు ముందు బొటనవేలికో మణికట్టుకో చేతి స్ప్లింట్ రాస్తే, అది బహుశా వేరే ప్లాస్టిక్ అవుతుంది. పాలీకాప్రోలాక్టోన్ అనే దాంతో చేసిన షీటు, 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. థెరపిస్టు వేడినీళ్ల తొట్టిలో ముంచి, తేటపడగానే తీసి తుడిచి, నేరుగా చేతి మీదే పరిచి మలుస్తారు. గట్టిపడటానికి కొద్ది నిమిషాలే పడుతుంది. అచ్చు అక్కర్లేదు, ఓవెన్ అక్కర్లేదు. క్యాన్సర్ ఆస్పత్రుల్లో రేడియేషన్ సమయంలో తల కదలకుండా ముఖానికి బిగించే చిల్లుల మాస్క్ కూడా ఇలాంటి పదార్థమే. వేడినీళ్లలోంచి తీసి ముఖం మీద సాగదీస్తారు, ఆ మనిషి ముక్కు, గడ్డం, నుదురు ఎలా ఉంటే అలా గట్టిపడుతుంది.

ఎండకి భయపడాల్సింది ఈ చేతి స్ప్లింట్ విషయంలోనే. మే నెలలో అద్దాలు మూసి నిలిపిన కారు డాష్‌బోర్డు 70 డిగ్రీలు కూడా దాటుతుంది. అలా కార్లో వదిలేసిన చేతి స్ప్లింట్‌ని ఒక తల్లి పట్టుకొచ్చారు, బొటనవేలి గాడి విచ్చుకుపోయి పలకలా అయింది. పాపం, పాడుచేశానని చాలా బాధపడ్డారు. మా థెరపిస్టు దాన్ని మళ్లీ వేడినీళ్లలో వేసి, చదును చేసి, ఆ పాప చేతి మీద కొత్తగా మలిచి ఇచ్చేశారు. ఒకే షీటు, మళ్లీ అదే చేయి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇది: "ఇది తక్కువ వేడికి మెత్తబడేదా, ఓవెన్ ప్లాస్టికా?" ఏ స్ప్లింట్ ఇచ్చినా ఈ ముక్క అడిగి తెలుసుకోండి.

ఈ ప్లాస్టిక్ రాకముందు ఏముండేదో మన ముందు తరం వాళ్లకి తెలుసు. పోలియో వచ్చిన పిల్లలకి ఇనప కమ్మీలు, తోలు పట్టీలు, బరువైన బూట్లు. 1954లో ఇటలీలో జూలియో నట్టా బృందం గట్టి పాలీప్రొపిలీన్ తయారుచేసింది, 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిపి ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ షీటు బ్రేస్‌లు చేసే ఆర్థోటిక్ వర్క్‌షాపులకి చేరాక బ్రేస్ మామూలు షూ లోపల పట్టేంత పలచనైంది. మన దేశంలో ఈ తరహా పనికి గొప్ప ఉదాహరణ జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు. 1968 ప్రాంతంలో శిల్పి రామచంద్ర శర్మ, సర్జన్ పి.కె. సేథీ కలిసి రూపొందించిన ఆ పాదం రబ్బరుది, వల్కనైజ్ చేసింది, అంటే అణువులు ముడిపడిపోయింది, మళ్లీ కరగదు. కానీ దానిపైన పిక్క భాగానికి తరువాతి కాలంలో వాడుతున్నది హెచ్‌డీపీఈ పైపు. ఓవెన్లో మెత్తబరిచి, మొండిగా మిగిలిన కాలి అచ్చు మీదకి తొడిగి మలుస్తారు. నీళ్ల పైపు మనిషి కాలవుతుంది. కరిగేదీ కరగనిదీ ఒకే కాలిలో, దేని పని దానిదే.

"పాత బ్రేస్ కరిగించి కొత్తది చేయొచ్చు కదా, మళ్లీ ఎందుకు డబ్బు" అని చాలామంది అడుగుతారు, మీరూ ఏడాదికల్లా అడుగుతారు, ఎందుకంటే ఈ వయసులో కాలు తొందరగా పెరుగుతుంది. కరిగించడం సాధ్యమే. కానీ ఒకసారి అచ్చు మీద సాగిన షీటు మడమ దగ్గర పలచబడి ఉంటుంది, రివెట్ చిల్లులుంటాయి, ప్రతి వేడికీ గొలుసులు కొన్ని తెగుతాయి. మళ్లీ అంత బరువు మోసే బ్రేస్‌కి అది పనికిరాదు. కోతల్లో మిగిలిన ముక్కలు స్క్రాప్‌కి వెళ్లి చిన్న ప్లాస్టిక్ గుళికలుగా మారి, బకెట్ల వంటి వాటికి పోతాయి. వేడి చేసి పొడవు పెంచడం కూడా కుదరదు, పొడవు పెరిగితే మందం తగ్గుతుంది. ఎదిగిన కాలికి కొత్త అచ్చే కావాలి. ఖర్చు భారమైతే జిల్లా కేంద్రంలోని డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే ప్రభుత్వ కేంద్రం), వికలాంగులకి ఉపకరణాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద జరిగే క్యాంపుల్లో వాకబు చేయండి. బయట చేయించుకుంటే చేసేవారికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఈ రంగం నిపుణుల్ని నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. అడగడం మీ హక్కు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక ట్రయల్ రోజు. బాబుకి కడుపు నిండా తినిపించి తీసుకెళ్లండి. బ్రేస్ మీద వేసే షూ ఒక సైజు పెద్దది, ముందు బాగా తెరుచుకునేది, లోపలి అట్ట ఊడి వచ్చేది కొనండి. వేసేటప్పుడు మోకాలు వంచి, మడమని పూర్తిగా వెనక్కి, కిందకి దించి, ముందు చీలమండ పట్టీ బిగించండి. అది వదులుగా ఉంటే మడమ లేచిపోయి, బ్రేస్ బిగుతుగా ఉందని మనమే పొరపడతాం. "ఒత్తుకుంటోంది" అని వచ్చే పిల్లల్లో చాలామందికి ఈ పట్టీ సరిచేస్తే సరిపోతుంది, వేడి దాకా వెళ్లాల్సిన పనే ఉండదు.

అక్కడే కాసేపు నడిపించి, విప్పి, చర్మం చూడండి. పిక్క చుట్టూ, పాదం కింద లేత ఎరుపు మామూలే. అరగంటలో పోవాలి. ఎముక మీద ముదురు ఎరుపు వచ్చి అరగంటైనా పోకపోతే, బొబ్బ వస్తే, బ్రేస్ ఆపేసి మళ్లీ తీసుకెళ్లండి. మొదటి రోజు గంటసేపే వేసి, రోజురోజుకీ పెంచుకుంటూ పోండి. తరువాత కూడా వంగేచోట షీటు మీద తెల్లటి చార కనిపిస్తుందేమో గమనిస్తుండండి, అక్కడే పగులు మొదలవుతుంది. మంచు పడే దేశాల్లో ఉన్న మనవాళ్లు దీన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి, బాగా చలిలో పాలీప్రొపిలీన్ పెళుసుబారుతుంది, అక్కడైతే చలికి అంతగా పెళుసుబారని కోపాలిమర్ రకం షీటు అడగడం మంచిది. ఎరుపు వచ్చిన చోటుని బ్రేస్ విప్పగానే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. మీరు మర్నాడు వచ్చేసరికి ఎరుపు పోయి ఉంటుంది, ఎక్కడ వేడి చేసి ఉబ్బించాలో మాకు ఆ ఫోటోనే చెబుతుంది.